గచ్చు కింద పైపులో నెట్ కేబుల్: మామూలు క్యాట్6 చాలా, నల్ల కేబుల్ కావాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదండి. భీమవరం దగ్గర పల్లెలో ఇల్లు కడుతున్నారు. బేస్‌మెంట్ ఫిల్లింగ్ అయిపోయింది, వచ్చే వారం పీసీసీ (ఇనుము లేని మామూలు కాంక్రీటు) పోస్తారు. దాని కింద 25 ఎంఎం పైపులు వేసి, హాల్లో రూటర్ పెట్టే చోటు నుంచి ఆఫీసు గదికి 12 మీటర్లు, రెండు బెడ్‌రూములకు 10, 15 మీటర్లు, గేటు కెమెరాకు 25 మీటర్లు కేబుల్ లాగాలనుకుంటున్నారు. ఎలక్ట్రీషియన్ "పైపులోనే కదా సార్, మామూలు క్యాట్6 చాలు" అన్నారు. షాపులో మాత్రం నల్ల తొడుగున్న అవుట్‌డోర్ కేబుల్ చూపించి రెట్టింపు ధర చెప్పారు. అంత పెట్టాలా వద్దా అన్నది మీ సందేహం.

ముందు జవాబు చెప్పేస్తాను. నేల కింద వెళ్లే ప్రతి ముక్కకూ పూర్తి రాగి తీగ, నల్ల పాలిథిన్ తొడుగు, లోపల జెల్లీ నింపిన క్యాట్6 అవుట్‌డోర్ కేబుల్ తీసుకోండి. జెల్లీ దొరక్కపోతే, తడి తగలగానే ఉబ్బి నీటి దారి మూసేసే టేపు చుట్టినది తీసుకోండి. తెల్లది, బూడిద రంగుది, నీలం రంగుది, ఆఫీసుల్లో వాడే మామూలు పీవీసీ తొడుగు కేబుల్ అక్కడ వద్దు. దీనికంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. పదేళ్ల తర్వాత ఆ కేబుల్‌ను లాగేసి కొత్తది ఎక్కించేలా పైపు వేయించండి. కేబుల్ తప్పు ఎంచుకుంటే మార్చుకోవచ్చు. పైపు తప్పుగా పడితే టైల్స్ పగలగొట్టాలి.

నేను విజయవాడ చుట్టుపక్కల ఆఫీసులకు, ఆస్పత్రులకు, ఇళ్లకు నెట్‌వర్క్ కేబులింగ్ పని చేస్తూ 18 ఏళ్లు అయింది. కింద రాసినదంతా ఆ పనిలో చూసినదే.

మీ ఎలక్ట్రీషియన్ మాటలో తప్పు ఎక్కడుందంటే, పైపులో ఉంటే కేబుల్ పొడిగా ఉంటుందని అనుకోవడంలో. గోడలో పైపు విషయంలో అది నిజమే. నేల కింద పైపు ఆకారం గుర్తు తెచ్చుకోండి. ఒక గోడలో కిందికి దిగి, గచ్చు కింద నడిచి, ఇంకో గోడలో పైకి లేస్తుంది. అందులోకి ఒక చుక్క చేరితే బయటికి పోయే దారి లేదు. నీళ్లు మాత్రం నాలుగు వైపుల నుంచి వస్తాయి. పీసీసీ మీద మడులు కట్టి క్యూరింగ్ చేసినప్పుడు అతుకుల్లోంచి దిగుతాయి. వానాకాలం భూమిలో తేమ పైకి వస్తుంది. పైపు రెండు కొసల నుంచి వెచ్చటి తేమ గాలి లోపలికి వెళ్లి, చల్లగా ఉన్న నేల దగ్గర నీరుగా మారుతుంది. మూత బిగించిన డబ్బాలో చెమ్మ పట్టినట్టే ఇది. అమెరికాలో విద్యుత్ పనుల కోడ్ భూమి లోపలి పైపును, అది ఎంత బాగా అతికించినా సరే, తడి ప్రదేశంగానే లెక్కగడుతుంది. అందులో వేసే తీగ తడికి తట్టుకునేదే కావాలంటుంది. మన దగ్గర కూడా అలా అనుకునే పని చేయాలి.

అందులోనూ మీది గోదావరి డెల్టా. ఇప్పుడు వేసవి, కాలువలు కట్టేసి ఉన్నాయి కాబట్టి ఫిల్లింగ్ ఇసుక పొడిగా కనిపిస్తుంది. జూన్‌లో కాలువలకు నీళ్లు వదిలి, ఊడ్పులు మొదలై, రెండు మంచి వానలు పడ్డాక మీ ఊళ్లో ఏ నూతిలోకైనా తొంగి చూడండి, నీళ్లు ఎంత పైకి వచ్చాయో తెలుస్తుంది. చుట్టూ చేపల, రొయ్యల చెరువులున్న చోట నేలలో ఉప్పదనం కూడా కలుస్తుంది. ఆ తడి మీ గచ్చు కింద పైపు దాకా చేరదని నేను చెప్పలేను.

తడి తగిలితే కేబుల్‌కు ఏమవుతుందో కూడా చెప్పాలి. చాలామంది "ప్లాస్టిక్ తొడుగు ఉందిగా" అంటారు. పీవీసీ తొడుగు వర్షపు జల్లును ఆపుతుంది కానీ నెలల తరబడి నీళ్లలో నానితే తేమను మెల్లమెల్లగా లోపలికి వదులుతుంది. లోపల ఉన్న 4 జతల తీగలు ఒక లెక్క ప్రకారం మెలివేసి ఉంటాయి. ఆ జతల మధ్య గాలి, పాలిథిన్ మాత్రమే ఉన్నాయని లెక్కగట్టి 100 ఓమ్‌ల ఇంపిడెన్స్ (సిగ్నల్‌కు తీగల జత చూపే అడ్డు) వచ్చేలా తయారు చేస్తారు. పాలిథిన్ డైఎలక్ట్రిక్ విలువ (విద్యుత్ క్షేత్రాన్ని ఎంత పట్టి ఉంచుతుందన్న కొలత) 2.3 దగ్గర ఉంటే, నీటిది 80 దగ్గర ఉంటుంది. గాలి ఉండాల్సిన చోట నీళ్లు చేరితే ఆ లెక్కంతా మారిపోతుంది. సిగ్నల్ కొంత వెనక్కి తిరుగుతుంది, కొంత దారిలోనే తగ్గిపోతుంది. తీగ తెగదు. చిన్న టెస్టర్ పెడితే 8 లైట్లూ వెలుగుతాయి. నెట్ మాత్రం వస్తూ పోతూ ఉంటుంది. రూటర్ మార్చి చూస్తారు, కంపెనీ వాళ్లకు ఫోన్లు చేస్తారు, అసలు తప్పు మాత్రం గచ్చు కింద ఉంటుంది.

ఇంకో సంగతి. తొడుగుకు ఒక్క చోట గీత పడినా చాలు, నీళ్లు దాని లోపల వత్తి పీల్చినట్టు పాకుతాయి. గీత హాలు మధ్యలో ఉంటే తుప్పు గోడ పెట్టెలోని జాక్ దగ్గర బయటపడుతుంది. జెల్లీ చేసే పని ఇదే. తీగల మధ్య ఖాళీ లేకుండా నింపేస్తే నీటికి నడిచే దారి ఉండదు. ఇది కొత్త విద్య కాదు. మన టెలిఫోన్ శాఖ వాళ్లు రోడ్ల పక్కన పాతిన లావు నల్ల కేబుళ్లు జెల్లీ నింపినవే. హైదరాబాద్‌లోని హిందుస్థాన్ కేబుల్స్ ఫ్యాక్టరీలో కూడా అవి తయారయ్యేవి. ఆ పాత లైన్లు తవ్వినప్పుడు చేతికి అంటుకునే జిగురు గుర్తున్న పెద్దవాళ్లు మీ ఊళ్లో ఇప్పటికీ ఉంటారు.

ఒక అనుభవం చెప్తాను. విజయవాడలో కృష్ణ ఒడ్డుకు దగ్గర్లో ఒక క్లినిక్ ఉంది. కట్టేటప్పుడే నేల కింద పైపులు వేసి, వేరే వాళ్లు బూడిద రంగు మామూలు క్యాట్6 లాగారు. మొదటి ఏడాది ఏ ఇబ్బందీ లేదు. రెండో వానాకాలం అయ్యాక రిసెప్షన్ కంప్యూటర్ 1000 ఎంబీపీఎస్ నుంచి 100కు పడిపోయింది. 4 జతల్లో ఒకటి పాడైతే లింకు అలా 100కు దిగిపోతుంది. ఆ తర్వాత కెమెరాలు ఒక్కొక్కటే ఆగడం మొదలైంది. నన్ను పిలిచారు. జాక్ విప్పి, కేబుల్ చివర ఒక జానెడు కత్తిరిస్తే తొడుగులోంచి నీటి చుక్కలు రాలాయి. గోధుమ రంగు జత ఆకుపచ్చగా తిరిగి ఉంది. కొత్తది లాగుదామంటే పాతది కదల్లేదు. పైపు అతుకులకు సొల్యూషన్ పెట్టకుండా ఊరికే దోపారు. కాంక్రీటు పోసినప్పుడు సిమెంటు పాలు లోపలికి దిగి కేబుల్‌తో సహా గట్టిపడిపోయాయి. చివరికి ఆ డాక్టరు గారు ముచ్చటపడి వేయించుకున్న తెల్ల టైల్స్ అంచున, గోడ వెంట కేసింగ్ పట్టీ కొట్టి లైన్లు వేయాల్సి వచ్చింది. ఆ రోజు ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచి నేల కింద పని ఎవరు అడిగినా ముందు పైపు గురించే మాట్లాడుతున్నాను.

అయితే మామూలు కేబుల్ వేసిన ప్రతి ఇల్లూ ఇలాగే అవుతుందని చెప్పడం న్యాయం కాదు. హనుమకొండలో మా బంధువుల ఇంట్లో 2011లో నేనే మామూలు క్యాట్5ఈ నేల కింద వేశాను. రాతి నేల, ఎత్తు మీద ఇల్లు, నీళ్లు నిలవవు. అది ఇవాళ్టికీ పని చేస్తోంది. మీ ఎలక్ట్రీషియన్ కూడా అలాంటి ఇళ్లు చూసే ఆ మాట అని ఉంటారు. కానీ మీ నేల ఆ నేల కాదండి.

షాపులో ఏం చూడాలో చెప్తాను, ఎందుకంటే "అవుట్‌డోర్" అన్న మాట మీద చాలా మోసపోతారు. తొడుగు నల్లగా ఉన్నంత మాత్రాన నీటికి పనికొచ్చేది కాదు. కొన్నిటికి ఎండకు పగలకుండా ఉండే నల్ల పీవీసీ తొడుగు మాత్రమే ఉంటుంది. అది గోడ మీద వేలాడే కెమెరా తీగకు సరిపోతుంది, నేల కింద పనికిరాదు. మీకు కావాల్సింది పీఈ (అంటే పాలిథిన్) తొడుగు, దానితో పాటు జెల్లీ ఫిల్డ్ అనో డైరెక్ట్ బరియల్ (నేరుగా భూమిలో పాతేది) అనో రాసి ఉన్నది. షాపువాళ్ల మాట కాదు, కేబుల్ మీద అచ్చు చూడండి. అచ్చులో లేకపోతే ఒక అంగుళం కోయించి చూడండి. జెల్లీ ఉంటే వేలికి అంటుతుంది. కొందరు ఎల్ఎస్‌జెడ్‌హెచ్ కేబుల్ మంచిదని చెప్పి అంటగడతారు. అది మంటల్లో పొగ తక్కువ వచ్చే రకం, ఆఫీసు సీలింగులకు మంచిది. కానీ ఆ తొడుగు తేమను పీల్చుకునే గుణం ఉన్నది కాబట్టి మీ అవసరానికి సరిపడదు.

రాగి పూత వేసిన అల్యూమినియం తీగ ఎట్టి పరిస్థితుల్లోనూ కొనొద్దు. సీసీఏ అంటారు దాన్ని. ఇవాళ బజార్లో చవకగా దొరికే కేబుల్‌లో చాలా భాగం అదే. పొడి చోటే అది నమ్మకం లేని సరుకు. తడి తగిలితే రాగి, అల్యూమినియం పక్కపక్కనే ఉండటం వల్ల అల్యూమినియం త్వరగా తుప్పు పట్టి పోతుంది. దాని మీద కెమెరాకు కరెంటు పంపిస్తే వేడి కూడా ఎక్కువ. బ్లేడుతో తీగను గీకితే లోపల వెండి రంగు కనిపిస్తుంది. ఇంకా నమ్మకమైన పరీక్ష కావాలంటే మల్టీమీటర్ పట్టుకెళ్లండి. 100 మీటర్ల చుట్టలో ఒక జత తీగల్ని ఒక కొసన కలిపి మెలిపెట్టి, రెండో కొసన ఓమ్‌లు కొలవండి. గేజ్ అంటే తీగ మందం, అంకె పెరిగితే తీగ సన్నం. 23 గేజ్ అసలు రాగి అయితే 13, 14 ఓమ్‌ల దగ్గర, 24 గేజ్ అయితే 17 దగ్గర చూపిస్తుంది. సీసీఏ అయితే అదే పొడవుకు 20 దాటిపోతుంది, 24 గేజ్‌లో 27 దాకా వెళ్తుంది. కాబట్టి గేజ్ ఎంతో కేబుల్ మీద అచ్చులో ముందే చూసుకోండి. రెండు నిమిషాల పని, సంకోచించకుండా చేయండి.

క్యాట్6 చాలా, దానికంటే పై రకమైన 6ఏ కావాలా అని కూడా రాశారు. మీ దూరాలకు క్యాట్6 ధారాళంగా సరిపోతుంది. 1 గిగాబిట్ 100 మీటర్ల వరకు వెళ్తుంది. 10 గిగాబిట్ కూడా క్యాట్6 మీద 55 మీటర్ల దాకా నడుస్తుంది, కేబుళ్లు గుత్తులుగా ఉంటే 37 మీటర్లు అనుకోండి. మీ ఇంట్లో పొడవైన లైను 25 మీటర్లే. 6ఏ అయితే లావు, వంగదు, 25 ఎంఎం పైపులో బెండ్లు దాటించడానికి కష్టపడాలి. ఇక క్యాట్7, క్యాట్8 అని రాసి ఆన్‌లైన్‌లో అమ్మే చదును కేబుళ్ల జోలికి వెళ్లొద్దు. అవి సన్నటి తీగలతో చేసిన ప్యాచ్ కార్డులు, అంటే రెండు కొసలా ప్లగ్‌లున్న పొట్టి తీగలు. బల్ల మీద రూటర్ నుంచి టీవీకి పెట్టుకోవడానికి పనికొస్తాయి కానీ గచ్చు కింద పాతేవి కావు.

ఫాయిల్ చుట్టిన ఎఫ్‌టీపీ విషయం. ఆ ఫాయిల్‌ను ఒక కొసన సరిగ్గా ఎర్త్ చేస్తేనే ప్రయోజనం. ఎర్త్ లేకుండా వదిలేస్తే దాని వల్ల మేలు లేదు, కొన్నిసార్లు కొత్త ఇబ్బంది తెస్తుంది. మీ ఇంటికి అక్కర్లేదు. కరెంటు పైపుకూ నెట్ పైపుకూ మధ్య అడుగు దూరం ఉంచి, దాటాల్సిన చోట అడ్డంగా దాటిస్తే సరిపోతుంది. కరెంటు తీగలున్న పైపులో నెట్ కేబుల్ మాత్రం ఎప్పుడూ దూర్చొద్దు. సిగ్నల్ సంగతి తర్వాత, తొడుగు ఒరుసుకుపోతే 230 వోల్టులు మీ అబ్బాయి లాప్‌టాప్ దాకా వస్తాయి. మన ఊళ్లలో పైపు మిగుల్చుకుందామని ఇలా చేసేవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి గట్టిగా చెప్తున్నాను.

ఇక పైపు. ఇక్కడ కొంచెం ఓపికగా చదవండి, వారంలో మీరు చేయించాల్సింది ఇదే.

ఐఎస్ఐ గుర్తున్న హెవీ పైపు తీసుకోండి, లైటు రకం వద్దు. పీసీసీ పోసేటప్పుడు దాని మీద తట్టలు పట్టుకుని మనుషులు నడుస్తారు, దిమ్మిస కూడా పడుతుంది. 25 ఎంఎం పైపు లోపలి వ్యాసం సుమారు 21 ఎంఎం. జెల్లీ క్యాట్6 మందం 7 ఎంఎం దగ్గర ఉంటుంది. పైపు లోపలి జాగాలో 40 శాతం దాటి నింపకూడదన్నది ఈ పనిలో లెక్క. ఆ లెక్కకు 3 కేబుళ్లు పడతాయి. బెండ్లు ఉన్నాయి కాబట్టి నేను 2 దగ్గరే ఆపుతాను. ఆఫీసు గదికి 2 కేబుళ్లు లాగండి, ఒకటి పోతే ఇంకొకటి ఉంటుంది. వీలైతే ఆ ఒక్క పైపు 32 ఎంఎం పెట్టించండి. ప్రతి గదికీ హాలు నుంచి విడి పైపు వెళ్లాలి. మధ్యలో చీలికలు, నేలలో మూసేసిన జంక్షన్ బాక్సులు ఏవీ వద్దు.

ఎల్బోలు వాడొద్దు. కరెంటు తీగ ఎల్బోలో తిరుగుతుంది, నెట్ కేబుల్ నలిగిపోతుంది. పెద్ద వంపు ఉన్న లాంగ్ బెండ్లే వాడమనండి. పైపు లోపలి వ్యాసానికి 6 రెట్లకు తగ్గని వంపు కావాలి. దిగే చోట ఒకటి, లేచే చోట ఒకటి, అంతే, ఒక పైపుకు రెండు బెండ్లు. మూడోది తప్పకపోతే అక్కడ గోడలో ఒక పెట్టె పెట్టి దారిని రెండు ముక్కలు చేయండి. గదుల మధ్య మూల మీదుగా ఏటవాలుగా వెళ్లినా ఫర్వాలేదు, నేల కింద దారి ఎవరికీ కనపడదు. మన మేస్త్రీలకు గోడ వెంట నేరుగా వేయడం అలవాటు, అందుకే అనవసరంగా బెండ్లు పెరుగుతాయి.

అతుకు ప్రతిచోటా సొల్యూషన్ రెండు వైపులా పూసి, దోపి, పావు చుట్టు తిప్పి ఆరనివ్వాలి. పైపు 3 మీటర్లే కాబట్టి మీ గేటు లైనుకు కనీసం 8 అతుకులు వస్తాయి. దానికి ఇంకో మార్గముంది. బోర్లకు, చెరువులకు వాడే నల్ల హెచ్‌డీపీఈ పైపు చుట్టగా వస్తుంది, మీ దగ్గర ప్రతి షాపులో ఉంటుంది. 32 ఎంఎం తీసుకుంటే ఇంటి నుంచి గేటు దాకా ఒక్క అతుకు లేకుండా వెళ్లిపోతుంది. నేనైతే అదే వేస్తాను. దానికి పీవీసీ సొల్యూషన్ అంటుకోదు, అతకాల్సి వస్తే బిగించే కప్లర్ వాడాలి.

దారిలో ప్లింత్ బీమ్ అడ్డం వస్తే దాన్ని కొట్టనివ్వొద్దు. ఉప్పు గాలి, ఉప్పు నీరు ఉన్న చోట ఇనుము బయటపడితే తుప్పు ఆగదు. గుమ్మాల దగ్గర బీమ్ మీదుగా, పీసీసీ మందంలోనే దాటించండి. బాత్రూము, వంటగది సింకు కింద నుంచి పైపు పోనివ్వొద్దు. పైపు కింద రెండు అంగుళాలు, పైన రెండు అంగుళాలు ఇసుక పరిచి, కంకర రాయి నేరుగా తగలకుండా చూడండి. పైన పాలిథిన్ షీటు పరిస్తే తేమ కూడా కొంత తగ్గుతుంది. చెదల మందు కొట్టించకపోతే పీసీసీకి ముందే కొట్టించండి. పందికొక్కులు బేస్‌మెంట్ ఇసుకలో బొరియలు చేస్తాయి, హెవీ పైపు అడగడానికి అది కూడా ఒక కారణం.

కేబుల్‌ను ఇప్పుడే పైపులో పెట్టి కాంక్రీటు పోయడం కొందరికి అలవాటు. అలా చేయనివ్వొద్దు. ఇప్పుడు లోపల నైలాన్ తాడు మాత్రమే ఉండాలి. బైండింగ్ వైరు పెడితే తుప్పు పట్టి తెగుతుంది, జనపనార పురికొస కుళ్లిపోతుంది. పైపు కొసలకు గుడ్డ ముక్కలు కుక్కి, పైన టేపు చుట్టండి, లేకపోతే ఇసుక, సిమెంటు పాలు దిగుతాయి. పీసీసీ అయి క్యూరింగ్ పూర్తయ్యాక, టైల్స్ వేసే ముందు, ఆ తాడుకు గుడ్డ ముడి కట్టి ప్రతి పైపులోనూ ఈ కొస నుంచి ఆ కొసకు లాగి చూడండి. ముడి తడిసి వస్తే నీళ్లు దిగాయని అర్థం, బ్లోయర్ పెట్టి ఊదేయండి. ముడి ఆగితే అక్కడ పైపు నలిగిందనో, పాలు దిగాయనో అర్థం. టైల్స్ లేవు కాబట్టి ఆ అడుగు పీసీసీ తవ్వి బాగు చేసుకోవచ్చు. పైన చెప్పిన క్లినిక్ వాళ్లకు ఆ అవకాశం లేకుండా పోయింది.

కేబుల్ లాగేటప్పుడు రెండో నైలాన్ తాడు కూడా దానితో పాటు లాగి లోపల ఉంచండి. బలం ఎక్కువ పెట్టకూడదు, 11 కిలోల లాగుడు దాటితే లోపలి మెలికలు సాగిపోతాయి. ఒకరు అటు నుంచి అందిస్తుంటే ఒకరు ఇటు నుంచి మెల్లగా లాగే పని ఇది. జారడానికి టాల్కం పౌడర్ వాడండి, నూనె రాయొద్దు. ప్రతి కొసలోనూ మీటరున్నర అదనంగా ఉంచండి. మీ అయిదు లైన్లు కలిపి అదనంతో సహా 90 మీటర్ల లోపే అవుతుంది, 100 మీటర్ల చుట్ట చాలు. రెట్టింపు ధర అన్నా ఆ 100 మీటర్లకే కదా, ఇంటి ఖర్చులో అది ఒక తలుపు గడియల ఖర్చు.

జెల్లీ కేబుల్‌తో ఒక ఇబ్బంది ఉంది, ముందే తెలిస్తే మంచిది. తొడుగు తీయగానే చేతులు జిగురవుతాయి, చాలామంది కుర్రాళ్లకు ఇది నచ్చదు. పొడి గుడ్డతో తుడిచి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒక్కో తీగా శుభ్రం చేయాలి. కిరోసిన్ వద్దు. దానికి నేరుగా ప్లగ్ క్రింప్ చేయొద్దు, గోడలో ఐఓ (నెట్ ప్లగ్ పెట్టే జాక్) పెట్టించి, తీగల్ని దానిలోకి నొక్కి బిగించే పంచ్ పద్ధతిలో కలిపించండి. అక్కడి నుంచి ప్యాచ్ కార్డుతో పరికరానికి. పాలిథిన్ తొడుగు మంటకు త్వరగా అంటుకుంటుంది కాబట్టి కూడా అది గోడ పెట్టెతోనే ఆగిపోవాలి, గదుల్లో బయటికి పాకకూడదు. పైపు కొసను మెత్తటి పుట్టీతో మూసేయండి, గండుచీమలు, బొద్దింకలు, తేమ గాలి తగ్గుతాయి. ఎం-సీల్ పెడితే రేపు విప్పలేరు.

గేటు కెమెరా లైను గురించి విడిగా చెప్పాలి. అన్నిటికంటే ముందు పాడయ్యేది అదే. పీఓఈ కరెంటు, అంటే నెట్ కేబుల్ ద్వారానే కెమెరాకు పంపే కరెంటు, ఆ కేబుల్ మీదే 48 వోల్టుల దగ్గర వెళ్తుంది. తీగకు గీత ఉండి తడి చేరితే ఆ కరెంటే రాగిని తినేస్తుంది. పైపును ఇంటి నుంచి గేటు వైపు కొద్దిగా వాలుగా వేయండి, వాన నీరు ఇంట్లోకి నడవకూడదు. గేటు స్తంభంలో పెట్టె మూడు అడుగుల ఎత్తులో పెట్టండి. ఇంటి కొసలో పీఓఈ సర్జ్ ప్రొటెక్టర్ (హఠాత్తుగా ఎగిసే వోల్టేజిని ఎర్త్‌లోకి మళ్లించే పరికరం) పెట్టి దాన్ని ఎర్త్‌కు కలపండి. పిడుగు నేరుగా పడక్కర్లేదు, దగ్గర్లో పడినా ఆరుబయట సాగిన రాగి తీగలోకి వోల్టేజి పుట్టి ఇంట్లో స్విచ్ కాలిపోతుంది.

మీకు చెరువు గట్టు మీద షెడ్డు కూడా ఉండి, రేపు అక్కడికి లైను లాగుదామనుకుంటే రాగి వద్దే వద్దు. 100 మీటర్లు దాటితే ఈథర్‌నెట్ (కేబుల్ మీద నడిచే నెట్) రాగి మీద నమ్మకంగా నడవదు, పైగా పిడుగు భయం. ఆకివీడు వైపు ఒక రొయ్యల రైతుకు ఇలాగే 130 మీటర్లు మామూలు కేబుల్ వేసి ఇచ్చారు ఎవరో. ఒక ఉరుముల రాత్రి రికార్డరు, స్విచ్, 4 కెమెరాలు పోయాయి. ఆయనకు లోహం లేని ఫైబర్ వేసి, రెండు కొసల్లో మీడియా కన్వర్టర్లు (ఫైబర్ సిగ్నల్‌ను రాగి కేబుల్ సిగ్నల్‌గా, అటు నుంచి ఇటు మార్చే డబ్బాలు) పెట్టి, షెడ్డులో కరెంటు అక్కడే తీసుకున్నాం. ఫైబర్‌కు నీళ్లతో గొడవ చాలా తక్కువ, పిడుగుతో అసలే లేదు.

ఇంటికి నెట్ తెచ్చే లైను కూడా ఇప్పుడు ఫైబరే. దాని కోసం వీధి వైపు గోడ నుంచి రూటర్ చోటికి ఒక ఖాళీ పైపు ఈ వారమే వేయించండి. లేకపోతే గృహప్రవేశమయ్యాక వాళ్లు వచ్చి కిటికీ ఫ్రేముకు బెజ్జం పెడతారు.

చివరగా నా అభిప్రాయం ఒకటి. రెండు బెడ్‌రూములకు నేల కింద నుంచే వెళ్లాలా అని ఆలోచించండి. పైన స్లాబు ఇంకా పడలేదు కదా. స్లాబు పైపుల్లో ఒకటి నెట్‌కు కేటాయిస్తే పైనుంచి గోడలో దిగొచ్చు. అక్కడ తడి ఉండదు, ఆ రెండు లైన్లకు మామూలు రాగి క్యాట్6 చాలు, మీ ఎలక్ట్రీషియన్ మాట అక్కడ పూర్తిగా సరైనదే. హాలు సీలింగులో వైఫై పెట్టుకోవడానికి కూడా ఆ దారి పనికొస్తుంది. నేల కింద ఆఫీసు గది, గేటు, ఈ రెండే ఉంచుకుంటే జెల్లీ కేబుల్ ఖర్చు కూడా తగ్గుతుంది.

పీసీసీకి ముందు రోజు పైపుల పక్కన టేపు పరిచి ప్రతి గదిలోనూ ఫొటోలు తీసి పెట్టుకోండి, రేపు ఎవరైనా గచ్చులో డ్రిల్లు పెట్టే ముందు చూసుకోవచ్చు. అవే ఫొటోలు ఇక్కడ కూడా పెట్టండి. బెండ్లు ఎక్కడైనా ఇరుగ్గా ఉంటే కాంక్రీటు పడకముందే చెప్తాను.